పాత కారు – క్రొత్త ఇంజను

చెడిన వస్తువును పారవేయుటకంటె బాగుచేసికొని వాడుకొనుట మన పెద్దలనుండి వచ్చిన ఆచారము. చిరిగిన చీర బొంత యగును. అరిగిన నాగటికర్రు కమ్మరి కొలిమిలో కాలి, సమ్మెటదెబ్బలు తిని, మరల మొనదేలును. ఈ పొదుపుబుద్ధియే నేడు మోటారు వాహనముల విషయమునను పనిచేయుచున్నది. ఇరువది, ముప్పది యేండ్లు నడచి, పొగ చిమ్ముచు, చిన్న మిట్ట యెక్కుటకు సైతము ఆయాసపడు కారును చూచి దాని యజమానుడు, "ఒళ్లు గట్టిగనే యున్నది, ఇంజను ఒక్కటి మార్పించినచో మరి పదియేండ్లు నడచును" అని తలపోయును. ఈ తలంపులో తప్పులేదు. కాని ఆ వెంటనే రెండవ ప్రశ్న పుట్టును: "ఏ ఇంజను పెట్టింతము?" చిక్కంతయు అక్కడనే యున్నది.

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములవారికి ఇది దూరపు ప్రశ్న కాదు. ఆదోని ప్రత్తి మార్కెట్టునకు, ఎమ్మిగనూరు బట్టల వ్యాపారమునకు, కర్నూలు కచేరీలకు, బళ్లారి ఆసుపత్రులకు తిరుగువారు పెక్కుమంది. బస్సు వేళకు రాని పల్లెలో పాఠముచెప్పు ఉపాధ్యాయుడుగాని, చిన్న వర్తకుడుగాని, రైతుగాని మొట్టమొదట కొనునది తరచుగా క్రొత్త కారు కాదు. ఇద్దరు ముగ్గురి చేతులు మారిన చిన్నకారు. దానిలో కూర్చుండువారు భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు. కావున ఇంజను ఎన్నిక యంత్రప్రియుల వినోదము మాత్రమే కాదు. అది ఒక కుటుంబపు ప్రాణములకును, కష్టార్జితమునకును సంబంధించినది.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. పాత కారునకు ఇంజను ఎన్నుకొనునపుడు "ఏది బలమైనది?" అని అడుగుట పొరపాటు. "ఈ బండి దేనిని మోయగలదు? దేనిని ఆపగలదు?" అని అడుగవలెను. ఇట్లు అడిగినచో, చాలవరకు మనకు వచ్చు సమాధానము – ఉన్న ఇంజనునే బాగుచేయించుమని.

ఇంజనును, ఇంధనమును మార్చుట మనకు క్రొత్తవిద్య కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలునకు కఱవు వచ్చినపుడు తెలుగునాట బస్సులకు బొగ్గుపొయ్యిల వంటి పెద్ద డబ్బాలను తగిలించి, కట్టెబొగ్గునుండి పుట్టిన వాయువుతో ఇంజన్లను నడిపిరి. పెట్రోలుతో వచ్చు బలము ఆ వాయువుతో రాదు. ఐనను, అసలు నడువకుండుటకంటె మెల్లగ నడచుట మేలని సరిపెట్టుకొనిరి. ఆ మార్పు ఎవరును కోరి చేసికొన్నది కాదు, అవసరము చేయించినది. అవసరమెంతయో మార్పును అంతయే – ఇది ఆ బొగ్గు బస్సులు నేర్పిన మొదటి పాఠము.

కార్లను తయారుచేయు సంస్థలు సైతము పాత ఒంటిలో పరాయి ఇంజనును పెట్టిన సందర్భములు కలవు. 1957లో హిందూస్థాన్ మోటార్సు వారు వంగదేశమునందలి ఉత్తరపారాలో ప్రారంభించిన అంబాసిడరు కారు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాకు చెందినది. దాని 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను సుమారు 50 అశ్వశక్తి నిచ్చెడిది. 1990 దశాబ్దపు ఆరంభమున అదే ఒంటిలో జపాను దేశపు ఇసుజు సంస్థ నమూనా ఇంజనును అమర్చిరి. దాని పరిమాణము సుమారు 1800 ఘన సెంటీమీటర్లు. శక్తి సుమారు 75 అశ్వశక్తి. ఐతే ఇంజనును మాత్రమే మార్చి ఊరకుండలేదు. నాలుగు గేర్ల పెట్టెను తీసి ఐదు గేర్ల పెట్టెను పెట్టిరి. బొంబాయి ప్రీమియరు సంస్థవారు 1985లో విడుదలచేసిన 118 ఎన్.ఇ. కారు మరియొక ఉదాహరణము. దాని ఒళ్లు ఇటలీదేశపు ఫియట్ 124 నమూనాది. 1171 ఘన సెంటీమీటర్ల ఇంజను జపానుకు చెందిన నిస్సాను నమూనాది. పేరు చివరనున్న రెండక్షరములు ఆ నిస్సాను ఇంజనునే తెలుపును. మారుతి వారు 993 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుతో నడచు జెన్ కారులో, 1998లో, ఫ్రాన్సుదేశపు ప్యూజో సంస్థకు చెందిన 1527 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజనును పెట్టి అమ్మిరి.

ఈ ఉదాహరణములను చూచి కొందరు, "కంపెనీవారు చేయగా లేనిది మనము చేసిన నేమి?" అందురు. భేదమున్నది. కంపెనీవారు ఇంజను మార్చునపుడు దానితోబాటు గేర్లను, స్ప్రింగులను, రేడియేటరును, ఇంజను దిమ్మెలను ఆ బరువునకు, ఆ బలమునకు సరిపోవునట్లు లెక్కగట్టి, నమూనా బండ్లను వేలకొలది మైళ్లు నడిపి, ప్రభుత్వపు పరీక్షకు నిలిపి, ఆ పిమ్మటనే అంగడికి పంపుదురు. షెడ్డులో ఒక వారము రోజులలో జరుగు మార్పునకు ఆ పరీక్షలేవియు నుండవు. ఆ బండికి మొదటి పరీక్ష రహదారిమీదనే జరుగును. పరీక్షకు కూర్చుండువారు మన బిడ్డలే.

పిమ్మట డీజిలు మోజు వచ్చెను. పెట్రోలుకంటె డీజిలు ధర చాల తక్కువగ నుండిన రోజులలో అద్దెకార్లవారు కొందరు అంబాసిడరులో మెటాడోరు వ్యాను డీజిలు ఇంజనును అమర్చించుకొనిరి. ఆ బండికి అది కొంతవరకు చెల్లెను. ఏలయన, దాని ముందుభాగము విశాలమైనది, ఒళ్లు బరువైనది, అద్దెకు తిరుగు బండి కావున దినమునకు నడచు దూరము ఎక్కువ. దానిని చూచి, నెలకు నాలుగుమార్లు బయటికి తీయు చిన్నకారులో అటువంటి పెద్ద ఇంజనును దూర్చుట పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్నట్లగును.

అంతేకాదు, ఆనాటి లెక్క నేడు చెల్లదు. కేంద్రప్రభుత్వము 2010 జూనులో పెట్రోలు ధరపైనను, 2014 అక్టోబరులో డీజిలు ధరపైనను నియంత్రణను తొలగించెను. రెంటి ధరలకు నడుమ నుండిన గొప్ప అంతరము తగ్గిపోయెను. ఊహకొక లెక్క వేసి చూతము. ఒక కారు ఏటికి 6,000 కిలోమీటర్లు నడచుననుకొందము. పాత ఇంజను లీటరుకు 15 కిలోమీటర్లు, క్రొత్తది 20 కిలోమీటర్లు నడచుననుకొందము. పాతదానికి 400 లీటర్లు, క్రొత్తదానికి 300 లీటర్లు కావలెను. మిగులునది 100 లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకొన్నను ఏటికి మిగులునది పదివేల రూపాయలు. మార్పునకు లక్ష రూపాయలు ఖర్చైనచో ఆ లక్ష తిరిగివచ్చుటకు పదియేండ్లు పట్టును. అప్పటికి బండి నిలుచునా? నిలిచినను దాని ఒళ్లు తుప్పుపట్టకుండునా? ఐదవతరగతి విద్యార్థి వేయగల యీ లెక్కను వేయకయే బయానా ఇచ్చువారు కలరు.

ఇక బలము మాట. చిన్నకారునకు పెద్ద ఇంజను పెట్టినచో వేగము పెరుగును; నిజమే. కాని వేగముగ పోవు బండిని ఆపవలసినది ఇంజను కాదు, బ్రేకులు. కదలు వస్తువునందలి శక్తి దాని వేగపు వర్గమును బట్టి పెరుగునని పాఠశాలలోనే చదువుకొందుము. వేగము 50 కిలోమీటర్లనుండి 75కు పెరిగినచో, అనగా ఒకటిన్నర రెట్లయినచో, ఆ శక్తి రెండుంబావు రెట్లగును. ఆ శక్తినంతటిని బ్రేకులు వేడిగ మార్చి గాలిలో కలుపవలెను. పద్మిని కారునకు నాలుగు చక్రములకును పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. అవి 1089 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజనుకొఱకు ఏర్పరచినవి. వానిని అట్లే యుంచి ఇంజనును మాత్రము పెంచుట, బావి మోటను పెద్దదిచేసి మోకును పాతదే యుంచుట వంటిది. తెగువేళ ముందుగ చెప్పి తెగదు.

బరువు మరియొక సంగతి. డీజిలు ఇంజనులో గాలిని మిక్కిలి ఎక్కువగ అదుముట చేతనే ఇంధనము మండును. ఆ ఒత్తిడికి ఆగుటకై దాని దిమ్మెను దట్టముగ చేయుదురు. కావున అది సమానపరిమాణముగల పెట్రోలు ఇంజనుకంటె బరువైనదగును. 1983 డిసెంబరునుండి 2014 జనవరి వరకు తయారైన మారుతి 800 కారు మొత్తము బరువు సుమారు 650 కిలోలు, దాని ఇంజను 796 ఘన సెంటీమీటర్లది, మూడు సిలిండర్లది. అటువంటి తేలికబండి ముక్కుమీద అదనముగ ఏబది, నూరు కిలోలు మోపినచో ముందు స్ప్రింగులు క్రుంగును; స్టీరింగు బరువెక్కును; మలుపులో బండి నడుపువాని మాట వినదు. ఇంజనును పడుకోబెట్టు దిక్కును ఆలోచింపవలసినదే. పద్మిని, అంబాసిడరులలో ఇంజను నిలువుగ నుండి వెనుక చక్రములను త్రిప్పును. మారుతిలో అడ్డముగ నుండి ముందు చక్రములను త్రిప్పును. ఒకదానిది మరియొకదానిలో పెట్టుట చొక్కా మార్చినంత సులభము కాదు. డీజిలు ఇంజను తక్కువ చుట్లతో పనిచేయును; పెట్రోలు ఇంజను ఎక్కువ చుట్లతో పనిచేయును. గేర్ల నిష్పత్తి మార్చకున్నచో, ఇంజను రొదపెట్టుచుండును. బండి మాత్రము సాగదు.

మన ప్రాంతపు ఎండను మరువరాదు. వేసవిలో ఆదోని, ఎమ్మిగనూరులలో వేడి 40 డిగ్రీలు దాటుట సాధారణము. ఇంజను ఎంత పెద్దదో అది విసర్జించు వేడియు అంత ఎక్కువ. పాత రేడియేటరు దానికి చాలదు. పెద్ద రేడియేటరు పెట్టుదమన్నచో చిన్నకారు ముందుభాగమున చోటు చాలదు. నల్లరేగడి దుమ్ము గాలిజల్లెడను పూడ్చివేయును. మధ్యాహ్నవేళ, నీడలేని బాటలో, బానెట్టు ఎత్తి నీటికొఱకు వెదకుకొను యజమానునికి అధికబలము వలన కలిగిన లాభమేమి?

ఎమ్మిగనూరు నేతపనివారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. సన్నని నూలునకు ఒక అచ్చు, ముతక నూలునకు వేరొక అచ్చు. మగ్గము మంచిదే, నూలు మంచిదే. రెంటికిని పొందిక లేనిచో బట్ట చెడును. గంతకు తగిన బొంత యని మనవారు ఊరక అనలేదు.

ఐతే యజమానుడు చేయవలసిన దేమి? మొదట, ఇంజను నిజముగ చెడినదా యని తేల్చుకొనవలెను. బండి లాగకపోవుటకు కారణము ఇంజనే కానక్కరలేదు. అరిగిన క్లచ్చు, పట్టుకొనియుండు బ్రేకులు, పూడిన గాలిజల్లెడ, మురికిపట్టిన కార్బురేటరు – వీనిలో ఏది యైనను బండిని నీరసింపజేయగలదు. పొగ రంగు సైతము కొంత చెప్పును. నీలిపొగ వచ్చినచో ఆయిలు మండుచున్నదని, నల్లపొగ వచ్చినచో ఇంధనము ఎక్కువగుచున్నదని, తెల్లనిపొగ ఆగకుండ వచ్చినచో నీరు లోపలికి దిగుచున్నదని అనుమానింపవచ్చును. మంచి మెకానిక్కు సిలిండర్లలోని ఒత్తిడిని కొలచి, ఏ సిలిండరు చెడినదో చెప్పగలడు. వైద్యుడు నాడి చూడకయే గుండె మార్చుదమన్నచో మనము ఒప్పుకొందుమా?

రెండవది, సిలిండర్లే అరిగినచో "బోరు" చేయించుట. అరిగిన గోడలను సమముగ కొంచెము పెద్దవిచేసి, ఆ కొలతకు తగిన పిస్టన్లను, రింగులను వేయుదురు. వాల్వులను మరల కూర్చోబెట్టుదురు. బరువు మారదు, గేర్లు మారవు, బ్రేకులకు క్రొత్తభారము రాదు, ఇంజను సంఖ్యయు మారదు. బోరు చేయుటకు సైతము మెటీరియలు అడ్డుచెప్పినచో మూడవది – అదే కంపెనీ, అదే నమూనాకు చెందిన మరియొక మంచి ఇంజను. దానిని కొనునపుడు రసీదు లేకయు, ఇంజను సంఖ్య సరిచూడకయు కొనరాదు. దొంగిలింపబడిన బండినుండి ఊడదీసిన ఇంజను మన యింటికి వచ్చినచో దానివెంట పోలీసులును వత్తురు.

నాల్గవది, ఇంధనమునే మార్చుట. గ్యాసు కిట్టుగాని, పెట్రోలు ఇంజనును తీసివేసి విద్యుత్తు మోటారును బ్యాటరీని అమర్చు కిట్టుగాని చట్టసమ్మతములే. కాని ప్రభుత్వపరీక్షలో నెగ్గిన కిట్టు కావలెను, అనుమతిగల కేంద్రమున అమర్పబడవలెను, ఆర్.సి.లో నమోదు కావలెను. రోజును తెలిసిన దూరమే తిరిగి రాత్రికి ఇల్లు చేరు బండికి విద్యుత్తు మార్పు తగియుండవచ్చును. కాని బ్యాటరీ ఖరీదు పాత కారు వెలను మించినచో, పిండి కొద్దీ రొట్టె యను మాటను జ్ఞప్తియందుంచుకొనవలెను.

చట్టము మాట మిగిలినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు పేర్కొన్న వివరములకు భిన్నముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగ సమర్థించెను. అదే సంవత్సరము చట్టమునకు జరిగిన సవరణ ప్రకారము, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానాగాని, ఆరు నెలల వరకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును. అంతకంటె పెద్దభయము వేరొకటి కలదు. ఆర్.సి.లో నొక ఇంజను, బానెట్టు క్రింద మరియొకటి యున్న బండికి ప్రమాదము జరిగినచో, బీమావారు అభ్యంతరము చెప్పుటకు మనమే దారి చూపినట్లగును. అప్పుడు గాయపడినవాని కుటుంబము సైతము చిక్కులో పడును. కావున ఏ మార్పునకైనను ముందుగ రవాణాశాఖవారి అనుమతి పొందుట తప్పనిసరి.

నా మాటలకు ఒక ఆక్షేపణ వచ్చును. "ఇట్లు ప్రతిదానికి అడ్డుచెప్పినచో మన మెకానిక్కుల నైపుణ్యము ఏమి కావలెను? చదువుకొనకయే చెవితో విని రోగము చెప్పగల చేతులు కలవే!" అని. ఆ నైపుణ్యమును నేను తక్కువచేయుట లేదు. కాని ఇమడని ఇంజనును ఇమిడించుట ఒక్కటే నైపుణ్యము కాదు. ముప్పది యేండ్ల ఇంజనును విప్పి, వెండ్రుకవాసి కొలతలు సరిచేసి, మరల క్రొత్తదానివలె నడిపించుట అంతకు మించిన నైపుణ్యము. మొదటిదానికి చప్పట్లు ఎక్కువ వచ్చును. రెండవదానికి ఆయువు ఎక్కువ. గిరాకి మొదటిదానికే యున్నంతకాలము రెండవ విద్య మూలపడును. అడిగి చేయించుకొనువాడే పనివానిని నిలుపును.

కావుననే ఈ సంగతిని ఉపాధ్యాయుల ముందును, విద్యార్థుల ముందును ఉంచుచున్నాను. గతిశక్తి, ఘర్షణ, ఉష్ణము, నిష్పత్తి – ఇవి పరీక్షకాగితముమీద వ్రాసి మరచుటకు చెప్పు పాఠములు కావు. ఊరిలోని షెడ్డునకు ఒక పూట పిల్లలను తీసికొనిపోయి, విప్పిన ఇంజనును చూపి, "ఈ బండికి రెండురెట్ల బలమిచ్చినచో ముందుగ ఏది విరుగును?" అని అడుగుడు. నల్లబల్లపై పదిదినములు చెప్పినను ఎక్కని పాఠము ఆ నూనెచేతుల నడుమ ఒక గంటలో ఎక్కును. ఆ పిల్లలే రేపు ఇండ్లకు పోయి, ఇంజను మార్పించవలెనని తొందరపడు తండ్రితో "ముందు బ్రేకులు చూపించుము, నాయనా" అందురు. ఆ ఒక్క మాట ఒక కుటుంబమును కాపాడినను చాలును.

బలము కోరుట మానవసహజము. కాని ఏ బలమునకైనను దానిని మోయు ఒళ్లు, దానిని ఆపు పట్టు ఉండవలెను. పాత కారునకు ఇంజను ఎన్నుకొనువాడు ఈ రెంటిని ముందుగ చూచి, ఇంజను పేరును చివరకు అడిగినచో పొరపాటు పడడు.